అడగకుండా వచ్చిన ఫాంట్లు: వాటిని అదుపులో పెట్టే సాధనాల్లో ఏది ఎంతవరకు పనిచేస్తుంది

డిజైన్ పనికి వాడే కంప్యూటర్‌లో ఫాంట్ మెనూ తెరిస్తే మనం పెట్టుకున్నవి పాతిక ఉంటాయి, మనం పెట్టనివి వందల్లో ఉంటాయి. కావలసిన ఒక్క ఫాంట్ దగ్గరికి వెళ్ళాలంటే చైనీస్, కొరియన్, హీబ్రూ ఫాంట్లతో పాటు వాడుక తప్పిపోయిన ప్రాచీన లిపుల ఫాంట్లను కూడా దాటుకుంటూ కిందికి జరగాలి. రోజుకి ఎన్నిసార్లు మెనూ తెరుస్తామో అన్నిసార్లూ ఇదే తంతు. విసుగెత్తిన డిజైనర్లు నేరుగా ఫాంట్ల ఫోల్డర్‌లోకి వెళ్ళి డిలీట్ చెయ్యడం మొదలుపెడతారు. అసలు కష్టాలు అక్కడే మొదలవుతాయి.

ఈ సమీక్షలో మ్యాక్‌తోపాటే వచ్చే ఫాంట్ బుక్ యాప్, విండోస్ సొంత ఏర్పాట్లు, అడోబీ యాప్‌ల లోపలి వడపోతలు, బయటి ఫాంట్ మేనేజర్లు ఉన్నాయి. అన్నిటికీ ఒకటే పరీక్ష: మనం పెట్టని ఫాంట్‌ను, మరేదీ చెడిపోకుండా, మెనూలో కనబడకుండా చెయ్యగలదా? సిస్టమ్ తనకోసం కాపాడుకునే ఫాంట్లను పూర్తిగా తొలగించే సాధనం ఈనాటి విండోస్‌లోగానీ మ్యాక్‌లోగానీ ఒక్కటీ లేదు. ఉందని చెప్పుకునేవాటిని నమ్మకండి. అయినా మెనూని చాలావరకు తేలిక చేసుకోవచ్చు, దానికి డబ్బు పెట్టాల్సిన పనికూడా చాలామందికి ఉండదు.

ముందు, చెయ్యి పెట్టకూడనివి

విండోస్‌లో సెగో యూఐ కుటుంబం మొత్తం అలాగే ఉండాలి. బటన్ల మీద, సెట్టింగ్స్‌లో కనబడే రాతంతా దానిదే. సెగో ఎండీఎల్2 అసెట్స్, విండోస్ 11లో వచ్చిన సెగో ఫ్లూయెంట్ ఐకాన్స్ అనేవి పేరుకు ఫాంట్లేగానీ వాటిలో ఉండేవి గుర్తులు. అవి పోతే టాస్క్‌బార్, సెట్టింగ్స్ బొమ్మల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తాయి. మార్లెట్ అనే చిన్న ఫాంట్ ఎందుకుందో చాలామందికి తెలియదు. పాత తరహా కిటికీల మూలన ఉండే మూసే గుర్తు, కుదించే గుర్తు అందులోని అక్షరాలే. టహోమా, మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్ రెండూ పాత ప్రోగ్రాముల డైలాగ్ పెట్టెలకు ఆధారం. నిర్మలా యూఐని కూడా కదపకండి. విండోస్ 8 నుంచి తెలుగుతో సహా భారతీయ లిపులను సిస్టమ్ చూపించేది దాంతోనే.

మ్యాక్‌లో శాన్ ఫ్రాన్సిస్కో ఫాంట్ చుక్కతో మొదలయ్యే పేరుతో దాగి ఉంటుంది కాబట్టి మెనూలో ఎలాగూ రాదు. హెల్వెటికా, హెల్వెటికా న్యూ, లూసిడా గ్రాండ్, మెన్లో, ఆపిల్ సింబల్స్, ఆపిల్ కలర్ ఇమోజీ మాత్రం సిస్టమ్‌కి కావలసినవి. కోహినూర్ తెలుగు ప్రధాన సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. తెలుగు ఎంఎన్, తెలుగు సంగం ఎంఎన్ పక్కనే ఉన్న సప్లిమెంటల్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ రెండూ లేకపోయినా తెలుగు కనబడుతుంది, కాకపోతే వాటితో చేసిన పాత ఫైళ్ళు మాత్రం మారిపోతాయి.

ఇక ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, జార్జియా, వెర్డానా, కొరియర్ న్యూ. ఇవి డిజైన్‌లో వాడకపోవచ్చు. కానీ వెబ్ పేజీలు, ఫాంట్ ఎంబెడ్ చెయ్యని (లోపల పొందుపరచని) పీడీఎఫ్‌లు, క్లయింట్లు పంపే వర్డ్ ఫైళ్ళు వీటినే అడుగుతాయి. ఇవి లేని కంప్యూటర్‌లో ఆ ఫైళ్ళు వేరే ఫాంట్‌తో తెరుచుకుని, వరసలు విరిగి, పేజీల సంఖ్యే మారిపోతుంది. కాబట్టి మెనూలో ఐదు పేర్లు ఎక్కువైనా ఇవి ఉండనివ్వండి.

ఫాంట్ బుక్: ఉచితం, నమ్మదగినది, హద్దులున్నది

మ్యాక్‌లో ఫాంట్లు మూడు చోట్ల ఉంటాయి. మీ యూజర్ ఖాతాలోని లైబ్రరీ ఫోల్డర్ ఒకటి, అందరు యూజర్లకూ చెందిన లైబ్రరీ రెండోది, సిస్టమ్ లైబ్రరీ మూడోది. మొదటి రెండూ మీ చేతిలో ఉన్నాయి. మూడోది లేదు. 2015లో ఎల్ కాపిటన్ అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌తో, సిస్టమ్ ఫైళ్ళను ఎవరూ మార్చకుండా కాపాడే సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ వచ్చింది. 2019లో కటలీనా వెర్షన్ సిస్టమ్‌ను విడి వాల్యూమ్‌గా, అంటే డిస్కులో వేరు భాగంగా, చదవడానికి మాత్రమే ఉంచింది. 2020లో బిగ్ సర్ దాని మీద డిజిటల్ ముద్ర కూడా వేసింది. అందుకే ఒకప్పుడు ఫాంట్ మేనేజర్లలో ఉండే సిస్టమ్ ఫాంట్లు శుభ్రం చేసే ఆజ్ఞలకు ఇప్పుడు విలువ లేదు. ఆ కాలపు సలహాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రక్షణ ఆపేసి, వాల్యూమ్ విప్పి, ఫైళ్ళు తీసేసే ఆ పద్ధతి వల్ల భద్రత పోతుంది, అప్‌డేట్ రాగానే ఫాంట్లు మళ్ళీ వస్తాయి. మెనూ చిన్నగా కనబడాలని అంత దూరం వెళ్ళడం దండగ.

ఫాంట్ బుక్ చేసేది డీయాక్టివేట్. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, యాప్‌లకు మాత్రం కనబడదు. ఫాంట్ మీద కుడి క్లిక్ చేసినప్పుడు ఆ మాట నల్లగా ఉంటే తీసెయ్యవచ్చు, వెలిసిపోయి ఉంటే అది సిస్టమ్ వదలని ఫాంట్ అని అర్థం. ఏవి వదులుతుందనేది మ్యాక్ ఓఎస్ వెర్షన్‌ని బట్టి మారుతూ వచ్చింది. కాబట్టి పాత జాబితాలను పట్టుకుని వెళ్ళకుండా మీ మెషీన్‌లోనే కుడి క్లిక్ చేసి చూసుకోవడం మేలు. ముందుగా చూడాల్సినది సప్లిమెంటల్ ఫోల్డర్‌లోనివి. ఒకేసారి పది, ఇరవై ఎంచుకుని డీయాక్టివేట్ చేసి, డిజైన్ యాప్ మూసి మళ్ళీ తెరిచి చూడండి. అడోబీ యాప్‌లు తెరిచి ఉండగా చేసిన మార్పు ఒక్కోసారి సగమే కనబడుతుంది.

ఫాంట్ బుక్‌లో వెలిసిపోయిన రంగులో కనబడే పేర్లు కొన్నున్నాయి. వాటిలో మీరు డీయాక్టివేట్ చెయ్యనివి డౌన్‌లోడ్ కాని ఫాంట్లు, డిస్కులో లేవు. వాటి గురించి ఏమీ చెయ్యనక్కర్లేదు. డౌన్‌లోడ్ గుర్తును పొరపాటున నొక్కితే మెనూలోకి వస్తాయి.

కలెక్షన్ల సంగతి కూడా తెలిసి ఉండాలి. పోస్టర్లకో సెట్టు, పుస్తకాలకో సెట్టు అని ఫాంట్ బుక్‌లో కలెక్షన్లు చేసుకుంటే పేజెస్, కీనోట్, టెక్స్ట్‌ఎడిట్ లాంటి ఆపిల్ యాప్‌లలో కనబడతాయి. ఫోటోషాప్, ఇన్‌డిజైన్, ఇల్లస్ట్రేటర్ వాటిని లెక్కచెయ్యవు. అడోబీ మీద ఆధారపడ్డవాళ్ళు కలెక్షన్ల మీద గంటలు పెట్టకండి.

ఒక ఆజ్ఞ విషయంలో గట్టిగా హెచ్చరించాలి. ఫైల్ మెనూలో రిస్టోర్ స్టాండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. పేరు చూసి, పోయిన ఫాంట్లను తెచ్చిపెడుతుందేమో అనుకుంటారు. అది ఆ పని చేస్తూనే, మ్యాక్‌తో రాని ఫాంట్లన్నిటినీ, అంటే మీరు కొనుక్కున్నవాటిని కూడా, ఫాంట్స్ రిమూవ్డ్ అనే విడి ఫోల్డర్‌లోకి తరలిస్తుంది. ఫైళ్ళు పోవుగానీ పని మధ్యలో అన్ని డాక్యుమెంట్లూ ఫాంట్ లేదని మొత్తుకుంటాయి. అది నొక్కేముందు మీ ఫాంట్ల ఫోల్డర్ మొత్తానికి కాపీ తీసి పెట్టుకోవాలి.

మొత్తం మీద ఫాంట్ బుక్ మంచి సాధనం. చెడిపోయిన ఫైలును పట్టుకునే వ్యాలిడేట్, ఒకే ఫాంట్ రెండుసార్లు ఉంటే పసిగట్టే ఏర్పాటు దీని బలాలు. ప్రాజెక్టును బట్టి ఫాంట్లు తెరుస్తూ మూస్తూ ఉండే పనికి మాత్రం నెమ్మది.

విండోస్: మూడు తలుపులు, వాటిలో ఒకటి మోసం

మోసపు తలుపు కంట్రోల్ ప్యానెల్ ఫాంట్స్‌లో ఉండే హైడ్ బటన్. ఫాంట్ ఎంచుకుని హైడ్ కొట్టగానే దాని బొమ్మ వెలిసిపోతుంది. పని అయిపోయిందనుకుంటాం. ఫోటోషాప్ తెరిస్తే అది అక్కడే ఉంటుంది, వర్డ్‌లోనూ ఉంటుంది. ఎందుకంటే హైడ్ అనేది విండోస్ ఇచ్చే సాధారణ ఫాంట్ ఎంపిక పెట్టెను వాడే ప్రోగ్రాములకే వర్తిస్తుంది, ఉదాహరణకు పాత నోట్‌ప్యాడ్ లాంటివాటికి. సొంత మెనూ కట్టుకున్న యాప్ ఆ గుర్తును పట్టించుకోదు. పక్కనే ఉన్న, భాషా సెట్టింగులను బట్టి ఫాంట్లు దాచే ఎంపికకూ ఇదే పరిమితి. డిజైన్ పనికి ఇవి రెండూ శూన్యం.

రెండో తలుపు సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్ కింద ఉండే ఫాంట్స్ పేజీ. ఫాంట్ మీద నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ వస్తుంది. మీరు పెట్టినవాటికి, ఇతర ప్రోగ్రాములు తెచ్చి పడేసినవాటికి ఇది చాలు. కాపాడబడే సిస్టమ్ ఫాంట్ అయితే తొలగించడం కుదరదని చెబుతుంది. అక్కడితో ఆగిపోండి. యాజమాన్య హక్కు తీసుకుని, రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే పట్టికలో) పేరు చెరిపి తీసెయ్యడం సాధ్యమేగానీ సిస్టమ్ ఫైళ్ళ తనిఖీ గానీ, పెద్ద అప్‌డేట్ గానీ వాటిని తిరిగి తెస్తుంది.

విండోస్ 10 1809 వెర్షన్ నుంచి ఫాంట్లు రెండు చోట్ల పడతాయి. మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే మీ ఖాతాకే చెందిన స్థానిక ఫోల్డర్‌లోకి, అందరు యూజర్లకూ ఇన్‌స్టాల్ చెయ్యి అన్నది ఎంచుకుంటే విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి వెళతాయి. ఒకే ఫాంట్ రెండు చోట్లా వేర్వేరు వెర్షన్లలో ఉండిపోవడానికి ప్రధాన కారణం ఇదే. కంట్రోల్ ప్యానెల్‌లో ఒకటి తీసేసినా మెనూలో పేరు పోలేదంటే రెండోచోట వెతకాలి. పాత ప్రోగ్రాములు కొన్ని యూజర్ ఫోల్డర్‌లోని ఫాంట్లను చూడలేవు. అందుకని డిజైన్ మెషీన్‌లో అన్నిటినీ అందరు యూజర్లకూ అన్న పద్ధతిలోనే పెట్టుకుంటే తరువాత చిక్కులుండవు.

నిజంగా పనిచేసే తలుపు మూడోది, ఆప్షనల్ ఫీచర్స్. సెట్టింగ్స్ వెతుకుడు పెట్టెలో ఆ పేరు కొడితే వస్తుంది. అందులో జపనీస్ సప్లిమెంటల్ ఫాంట్స్, కొరియన్ సప్లిమెంటల్ ఫాంట్స్, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ లాంటి పేర్లతో భాషలవారీ పొట్లాలు కనబడతాయి. అవసరం లేనిదాన్ని తెరిచి అన్‌ఇన్‌స్టాల్ కొడితే అందులోని కుటుంబాలన్నీ ఒక్కసారిగా, శుభ్రంగా పోతాయి. ఏ ఫైలూ విరగదు, కావాలంటే మళ్ళీ అక్కడినుంచే తెచ్చుకోవచ్చు. ఈ పొట్లాలు ఎలా వచ్చాయంటే, భాషల జాబితాలో ఒక భాషను చేర్చగానే దాని ఫాంట్లు వెంట వస్తాయి. అందుకని ముందు అక్కర్లేని భాషను జాబితా నుంచి తీసేసి, తరువాత పొట్లం తీసెయ్యండి. వరస తిరగేస్తే ఫాంట్లు మళ్ళీ ప్రత్యక్షం కావచ్చు. తెలుగు పొట్లంలో గౌతమి, వాణి ఉన్నాయి. పాత తెలుగు డాక్యుమెంట్లు తెరిచే అవసరం ఉంటే దాన్ని ఉంచుకోవాలి.

ఇదే చోట డిజైనర్లు తీసెయ్యడానికి వెళ్ళి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన పొట్లం కూడా ఒకటుంది. పాన్-యూరోపియన్ సప్లిమెంటల్ ఫాంట్స్ అని పేరు. దానిలో న్యూ హాస్ గ్రోటెస్క్, గిల్ శాన్స్ నోవా, రాక్‌వెల్ నోవా, జార్జియా ప్రో, వెర్డానా ప్రో, ఏరియల్ నోవా ఉన్నాయి. విండోస్ ఉన్నవారికి అదనపు ఖర్చు లేకుండా దొరికే నిఖార్సైన అక్షరాలు ఇవి. పేరు చూసి చాలామంది దాటేస్తారు.

ఒకే కుటుంబం పది పేర్లుగా ఎందుకు కనబడుతుంది

మెనూ పొడవుకి కారణం ప్రతిసారీ ఫాంట్ల సంఖ్య కాదు. విండోస్ పాత పద్ధతిలో ఒక కుటుంబానికి నాలుగే రూపాలు: మామూలు, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్. లైట్, మీడియం, బ్లాక్ లాంటివి ఉంటే వాటిని వేరే కుటుంబాలుగా రాయాలి. ఫాంట్ ఫైలు లోపల పేర్ల పట్టికలో 1వ నంబరు గదిలో ఈ నాలుగు రూపాల పద్ధతి పేరు, 16వ నంబరు గదిలో అసలు కుటుంబం పేరు ఉంటాయి. ఇన్‌డిజైన్ 16వ గదిని చదివి అన్నిటినీ ఒకే పేరు కింద కలుపుతుంది. పాత పద్ధతిలో చదివే ప్రోగ్రాముల్లో అదే కుటుంబం ఐదారు వరసలు ఆక్రమిస్తుంది. కాబట్టి వర్డ్‌లో పొడవుగా ఉన్న జాబితా చూసి ఫాంట్లు తీసెయ్యడం మొదలుపెట్టకండి. డిజైన్ యాప్‌లో చూసి నిర్ణయించండి.

యాప్ లోపలి వడపోత: ఎక్కువమందికి ఇది చాలు

ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ మూడింటిలోనూ ఫాంట్ పేరు పక్కన నక్షత్రం గుర్తుంటుంది. రోజూ వాడే ఇరవై, ముప్ఫై ఫాంట్లకు నక్షత్రం పెట్టి, జాబితా పైన ఉన్న వడపోతలో నక్షత్రం నొక్కితే మిగతావన్నీ తప్పుకుంటాయి. సిస్టమ్‌లో ఒక్క ఫైలు కదలదు. సమస్య కేవలం మెనూ పొడవే అయితే, ఇంతకన్నా సురక్షితమైన దారి లేదని గట్టిగా చెప్పగలం. లోపం ఒక్కటే. ఒక యాప్‌లో పెట్టిన నక్షత్రం ఇంకో యాప్‌లో ఉంటుందని అనుకోకుండా విడివిడిగా పెట్టుకోవాలి.

మరో రెండు అమరికలు మార్చుకుంటే మెనూ చురుకవుతుంది. ఫోటోషాప్‌లో టైప్ మెనూలో ఫాంట్ ప్రివ్యూ సైజ్‌ను నన్ (None) అని పెడితే పేరు పక్కన నమూనా గీయడం ఆగిపోతుంది. వేల గ్లిఫ్‌లు (అక్షర రూపాలు) ఉన్న తూర్పు ఆసియా ఫాంట్ల నమూనాలు గీయడమే మెనూ తడబడటానికి ముఖ్య కారణం. ఇప్పుడు వాడుకలో ఉన్న ఓపెన్‌టైప్ రకం ఫాంట్ ఒక్కదానిలో 65,535 గ్లిఫ్‌ల దాకా పడతాయి, ఆ భాషల ఫాంట్లు ఒక్కోటి పదుల మెగాబైట్లుంటాయి. రెండోది, ప్రిఫరెన్సెస్‌లో ఫాంట్ పేర్లు ఇంగ్లీషులో చూపించమనే ఎంపిక. అది ఆన్‌లో ఉంటే జపనీస్, చైనీస్ ఫాంట్ల పేర్లు అక్షరక్రమంలో కలిసిపోయి, పేరు కొట్టి వెతకడానికి వీలవుతుంది.

అడోబీ యాప్‌లు తెచ్చే గుంపు కూడా ఒకటుంది. అడోబీ ఫాంట్స్‌లో ఎప్పుడో యాక్టివేట్ చేసి మరిచిపోయినవి అలాగే ఉండిపోతాయి. ఇతరులు పంపిన ఫైలు తెరిచినప్పుడు ఆటో యాక్టివేట్ ఆన్‌లో ఉంటే వాటంతట అవే చేరతాయి. క్రియేటివ్ క్లౌడ్ యాప్‌లో ఫాంట్స్ విభాగానికి వెళ్ళి యాక్టివ్ జాబితా తెరిచి అక్కర్లేనివి ఆపెయ్యండి. ఇవి వర్డ్‌తో సహా అన్ని యాప్‌ల మెనూల్లోనూ కనబడతాయి కాబట్టి ఈ ఒక్క పనితోనే జాబితా సగం తగ్గిన కంప్యూటర్లున్నాయి. ఆపినంత మాత్రాన ఏమీ పోదు, చందా ఉన్నంతకాలం మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు.

బయటి మేనేజర్లు

వీటి గురించి ఒక అపోహ బలంగా ఉంది, మేనేజర్ కొంటే సిస్టమ్ ఫాంట్లు మాయమవుతాయని. అది జరగదు. మేనేజర్ పని వేరు. మీ సొంత ఫాంట్లను సిస్టమ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చెయ్యకుండా మామూలు ఫోల్డర్‌లో ఉంచి, అవసరమైనప్పుడు తెరిచి, పని అవగానే మూస్తుంది. రెండు వేల ఫాంట్లు పోగేసినవారికి ఇది ప్రాణావసరం. ముప్ఫై ఫాంట్లున్నవారికి దండగ ఖర్చు.

నెక్సస్‌ఫాంట్ విండోస్‌కే, ఉచితం. కావలసిన ఫోల్డర్‌ను చూపించి, ఈ ప్రోగ్రాము తెరిచి ఉంచితే అందులోని ఫాంట్లు అన్ని యాప్‌లకూ అందుతాయి. మూసేస్తే పోతాయి. ఆ సూటిదనమే దీని గొప్ప. చాలాకాలంగా పెద్దగా మారలేదు, వేరియబుల్ ఫాంట్లు (అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉండేవి) ఎక్కువగా వాడేవారికి పాతగా అనిపిస్తుంది. ఇన్‌డిజైన్ తెరిచి ఉండగా నెక్సస్‌ఫాంట్ మూసేస్తే డాక్యుమెంట్‌లో అక్షరాలు గులాబీ రంగు పులుముకుంటాయి. ఫాంట్ దొరకలేదని ఇన్‌డిజైన్ చెప్పే తీరు అది. మూసే వరస గుర్తుంచుకోవాలి: ముందు డిజైన్ యాప్, తరువాత మేనేజర్.

ఫాంట్‌బేస్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ముఖ్యమైన పనులన్నీ ఉచితం, అదనపు హంగులకు చందా. చూడ్డానికి ఇంపుగా ఉంటుంది, ఫోల్డర్లవారీగా చూపిస్తుంది, గూగుల్ ఫాంట్స్ లోపలే ఉన్నాయి. ఒక్కరే పనిచేసే డిజైనర్‌కు మొదట సూచించేది దీన్నే.

మ్యాక్‌లో టైప్‌ఫేస్, రైట్‌ఫాంట్ రెండూ చక్కగా తయారైనవే. ఫాంట్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి మొదటిది, ఒకే లైబ్రరీని క్లౌడ్ ఫోల్డర్ ద్వారా నలుగురూ పంచుకోవడానికి రెండోది నయం.

ఎక్స్‌టెన్సిస్ వారి సూట్‌కేస్ ఫ్యూజన్, దాని వారసురాలు కనెక్ట్ ఫాంట్స్, ప్రచురణ సంస్థల కోసం. డాక్యుమెంట్‌లో వాడిన ఫాంట్ పేరునే కాకుండా కచ్చితమైన వెర్షన్‌ను గుర్తుపెట్టుకుని, ఫైలు తెరవగానే అదే వెర్షన్‌ను యాక్టివేట్ చెయ్యడం దీని ప్రత్యేకత. ఒకే ఫాంట్ రెండు వెర్షన్లలో ఉన్న చోట ఈ ఒక్క గుణం దీని ఖరీదును సమర్థిస్తుంది. ఆ పని చేసేది అడోబీ యాప్‌లలో చేరే ప్లగిన్. అడోబీ కొత్త ప్రధాన వెర్షన్‌కు మారేటప్పుడు దానికి తగిన ప్లగిన్ వచ్చిందో లేదో చూసుకుని మారాలి. లేకపోతే ఆటో యాక్టివేషన్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. మోనోటైప్ వారి ఫాంట్‌ఎక్స్‌ప్లోరర్ ఎక్స్ ప్రో ఒకప్పుడు దీనికి గట్టి పోటీ. ఇప్పుడు దాన్ని ఆపేశారు, ఇంకా వాడుతున్నవాళ్ళు లైబ్రరీని బయటికి తీసుకోవడం మంచిది.

ఏ మేనేజర్ పెట్టినా ఫాంట్ బుక్‌తోగానీ ఇంకో మేనేజర్‌తోగానీ కలిపి వాడకండి. ఒకటి మూసినదాన్ని రెండోది తెరిచి ఉంచుతుంది, తప్పు ఎక్కడుందో తేల్చడం చాలా కష్టం.

పేర్ల ఘర్షణ: నిజమైన ప్రమాదం ఇదే

ముందే వచ్చిన ఫాంట్ వల్ల జరిగే పెద్ద నష్టం అదే పేరున్న మీ ఫాంట్‌తో తగాదా పెట్టుకోవడం. యాప్‌లు ఫాంట్‌ను పోస్ట్‌స్క్రిప్ట్ పేరుతో గుర్తుపడతాయి, అంటే పేర్ల పట్టికలో 6వ గది. రెండు ఫైళ్ళకు ఆ పేరు ఒకటే అయితే ఏది దొరుకుతుందో చెప్పలేం. అక్షరాల వెడల్పులో, కెర్నింగ్‌లో, అంటే అక్షరాల జంటల మధ్య ఎడంలో, వెంట్రుకవాసి తేడా ఉన్నా పేరా చివర ఒక మాట కిందికి జారుతుంది, అక్కడినుంచి పుస్తకమంతా కదులుతుంది.

దీనికి పాతకాలపు ఉదాహరణ హెల్వెటికా న్యూ. మ్యాక్‌తో వచ్చేదానికీ, ముద్రణాలయాలు కొనుక్కున్న పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 అనే పాత రకం ఫాంట్‌కూ పేర్లు ఢీకొనేవి. సిస్టమ్ ఫాంట్‌ను తీసేసే సలహాలు ఎక్కువగా ఈ గొడవ నుంచి పుట్టినవే. ఇప్పుడు ఆ అవసరం లేదు. 2023 జనవరితో అడోబీ టైప్ 1 మద్దతును ఆపేసింది. ఓపెన్‌టైప్‌లో వచ్చిన హెల్వెటికా న్యూ ఎల్‌టీ ఎస్‌టీడీ పేరు వేరు కాబట్టి రెండూ ఒకే మెషీన్‌లో తగాదా లేకుండా ఉంటాయి. పాత ఫైళ్ళలో ఫైండ్ రీప్లేస్ ఫాంట్ ఆజ్ఞతో కొత్తదానికి మార్చుకుని, పేజీ పేజీ సరిచూసుకోవాలి.

ఇప్పటి ఘర్షణ ఎక్కువగా వేరియబుల్ ఫాంట్లతో. ఒకే కుటుంబం వేరియబుల్ ఫైలునూ, విడివిడి స్టాటిక్ ఫైళ్ళనూ రెండూ పెడితే పేర్లు కలిసిపోయి మెనూలో బోల్డ్ రెండుసార్లు రావడం, పీడీఎఫ్‌లో వేరే మందం పడటం జరుగుతాయి. ఇంటర్ లాంటి ఫాంట్ల తయారీదారులు వేరియబుల్ రూపానికి విడి కుటుంబం పేరు పెట్టి ఈ చిక్కు తప్పించారు. మిగతావాటిలో ఏదో ఒక్క రూపమే ఉంచండి.

ప్రాజెక్టు ఫాంట్‌ను తగాదాకు దూరంగా ఉంచాలంటే ఇన్‌డిజైన్ ఇచ్చే మంచి ఏర్పాటు ఒకటుంది. ప్యాకేజ్ ఆజ్ఞ ఇస్తే ఫైలు పక్కన డాక్యుమెంట్ ఫాంట్స్ ఫోల్డర్ తయారవుతుంది. అందులోని ఫాంట్లు ఆ ఫైలుకు మాత్రమే తెరుచుకుంటాయి, ఫైలు మూయగానే పోతాయి, వేరే యాప్‌ల మెనూకి బరువు కావు. అడోబీ ఫాంట్స్ నుంచి తెచ్చినవి మాత్రం ఆ ఫోల్డర్‌లోకి కాపీ కావు.

మెనూలో ఉండి ఎక్కడా దొరకనివి

ఫాంట్ బుక్‌లో లేదు, ఫాంట్స్ ఫోల్డర్‌లో లేదు, అయినా వర్డ్‌లో కనబడుతోంది అంటే అది యాప్ లోపలిది. మ్యాక్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ తన ఫాంట్లను యాప్ పొట్లం లోపలే ఉంచుకుంటుంది. వాటిని తీస్తే యాప్ మీది సంతకం చెడుతుంది, అప్‌డేట్‌లో ఎలాగూ తిరిగి వస్తాయి. అవి ఆఫీస్‌కే పరిమితం కాబట్టి వదిలెయ్యండి. విండోస్‌లో ఆఫీస్ క్లౌడ్ ఫాంట్లు యూజర్ ఖాతాలో విడి క్యాష్ (తాత్కాలిక నిల్వ) ఫోల్డర్‌లో దిగుతాయి. అడోబీకి కూడా తన యాప్‌లు మాత్రమే చదివే సొంత ఫాంట్స్ ఫోల్డర్ ఉంది, ఎప్పుడో అక్కడ పడేసిన ఫాంట్లు మరుగున ఉండిపోతాయి.

లినక్స్‌లో పని చాలా నిజాయితీగా సాగుతుంది. ఫాంట్లు మామూలు ప్యాకేజీలుగా వస్తాయి, అక్కర్లేని నోటో (అనేక లిపుల ఫాంట్ల కుటుంబం) ప్యాకేజీని తీసేస్తే పోతుంది. ప్యాకేజీలో కొన్నే వద్దనుకుంటే లినక్స్‌లో ఫాంట్లను చూసుకునే ఫాంట్‌కాన్ఫిగ్ అమరిక ఫైలులో రిజెక్ట్‌ఫాంట్ కింద ఆ ఫోల్డర్ దారి రాసి, క్యాష్ కొత్తగా కట్టించాలి.

తీసేసినా పేరు పోకపోతే

దాదాపు ప్రతిసారీ తప్పు క్యాష్‌ది. మ్యాక్‌ను ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి మళ్ళీ మామూలుగా తెరిస్తే ఫాంట్ క్యాష్ కొత్తగా తయారవుతుంది. ఆపిల్ చిప్ ఉన్నవాటిలో పవర్ బటన్ నొక్కి పట్టుకుని, డిస్కు ఎంచుకుని, షిఫ్ట్ నొక్కుతూ సేఫ్ మోడ్‌లో కొనసాగించాలి. ఇంటెల్ మ్యాక్‌లో తెరుచుకునేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే చాలు. విండోస్‌లో సర్వీసెస్ తెరిచి విండోస్ ఫాంట్ క్యాష్ సర్వీస్ ఆపి, లోకల్ సర్వీస్ ఖాతా కింద ఉన్న ఫాంట్‌క్యాష్ ఫోల్డర్‌లోని ఫైళ్ళు తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యాలి. సర్వీస్ ఆపకుండా ప్రయత్నిస్తే ఫైలు వాడుకలో ఉందని అడ్డుకుంటుంది. అడోబీ యాప్‌లలో మాత్రమే పేరు మిగిలితే, యాప్‌లన్నీ మూసి, అడోబీఎఫ్‌ఎన్‌టీ అని మొదలై ఎల్ఎస్‌టీ అని ముగిసే ఫైళ్ళు వెతికి తీసేస్తే యాప్ వాటిని మళ్ళీ కట్టుకుంటుంది.

డీయాక్టివేట్ చేసిన ఫాంట్ల పేర్లు, తీసేసిన భాషా పొట్లాల పేర్లు ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఉంచుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద వెర్షన్‌కు మారినప్పుడు వాటిలో కొన్ని తిరిగి వస్తాయి. జాబితా చేతిలో ఉంటే మళ్ళీ తీసెయ్యడం పది నిమిషాల పని.